జరగని లెక్క

మా ఆడబిడ్డను ఊరంతా తక్కెడ టీచర్ అంటుంది. ఆమె సొంత పేరు స్కూలు హాజరుపట్టీలో తప్ప ఇంకెక్కడా వినపడదు. పాలవాడు కూడా "తక్కెడ టీచరుగారిల్లేగా?" అని అడిగి మరీ గేటు తీస్తాడు. నేను మాత్రం వదినా అంటాను. మా ఆయనకు ఆమె అక్క. పేరుకే అక్క, చేసిందంతా తల్లి చాకిరీ. వాళ్ళమ్మ పోయేనాటికి ఆయనకు చొక్కా బొత్తాలు పెట్టుకోవడం కూడా రాదట. కాలేజీలో చదువుకుంటున్న వదిన ఒక చేత్తో తన పుస్తకం, ఇంకో చేత్తో తమ్ముడి అన్నం గిన్నె పట్టుకుని ఆయన్ని పెంచింది. ఈ మాట ముందే ఎందుకు చెబుతున్నానంటే, తర్వాత జరిగింది విన్నప్పుడు నాకు మండినంత మీకూ మండాలి.

కెమిస్ట్రీ పేరు చెబితే నాకు చిన్నప్పుడు జ్వరం వచ్చేది. బట్టీ పట్టి, పరీక్షలో కక్కేసి, హాల్లోంచి బయటికొస్తూనే మరిచిపోయిన బాపతు నేను. నాకు వచ్చిన కాస్తో కూస్తో వదిన ఇంట్లో వంటింటి గుమ్మం దగ్గర కూర్చుని కూరలు తరుగుతూ విన్నదే. మాది అదే వీధిలో చివరిల్లు. సాయంత్రమైతే నేను వదిన ఇంట్లోనే ఉంటాను. ఆమె ముందుగదిలో పిల్లలు చాపలమీద సర్దుకుంటారు. గోడకు నల్లబల్ల, కిటికీ దగ్గర పొడుగాటి చెక్కబల్ల, దానిమీద ఇత్తడి తక్కెడ ఉంటాయి. కుర్చీ ఒక్కటే ఉంటుంది కానీ అందులో వదిన కూర్చోగా నేను చూసింది ఒక్కసారే.

కొత్త పిల్లలు వచ్చినరోజు ఆమె పుస్తకం తెరవనివ్వదు. ఒక సీసాలో నీళ్ళు పోసి, నీళ్ళలో వేస్తే బుస్సున పొంగే మాత్రను దాని పక్కన పెట్టి, మూతతో సహా తూకం వేస్తుంది. మాత్ర సీసాలో వేసి మూత బిగించేస్తుంది. పొంగు అణిగాక మళ్ళీ తూస్తే ముల్లు ఉన్నచోటే ఉంటుంది. అప్పుడు మూత కాస్త వదులుచేస్తుంది. సుయ్యిమంటుంది. మళ్ళీ తూస్తే సీసా ఉన్న పళ్ళెం పైకి తేలిపోతుంది.

"తగ్గింది ఎక్కడికి పోయిందర్రా?" అంటుంది.

"మాయమైపోయింది టీచర్!" అని ఎవడో ఒకడు అరుస్తాడు.

"మాయలు నా దగ్గర కుదరవు. పోయింది ఎక్కడో ఒకచోట ఉంటుంది. వెతుకు."

ఆ తర్వాతే సూత్రాలూ సమీకరణాలూ. మోల్ అనే మాట వినగానే పిల్లల ముఖాలు వాడిపోతాయి కదా, ఆమె దాన్ని డజనుతో మొదలుపెట్టేది. అరటిపళ్ళు డజన్లలో కొంటాం, కాగితాలు దస్తాల్లో కొంటాం, అణువులు మరీ చిన్నవి కాబట్టి వాటికి మరీ పెద్ద డజను కావాలి, దాని పేరు మోల్, అంతకంటే అందులో భయపడాల్సిందేం లేదు అనేది. ఏ పదార్థం ముందు అయిపోతే చర్య అక్కడ ఆగిపోతుందనే పాఠానికి కుర్చీల ఉదాహరణ తెచ్చేది. "వడ్రంగి దగ్గర పీటలు ఐదున్నాయి, కాళ్ళు పన్నెండున్నాయి. నాలుక్కాళ్ళ కుర్చీలు ఎన్నవుతాయి?" మూడే అవుతాయి. పీటలు రెండు మిగిలిపోతాయి. ఇది అర్థమైనవాడికి హైడ్రోజన్, ఆక్సిజన్ లెక్క ఒక లెక్కే కాదు.

మా ఆయనకు మాత్రం అర్థం కాలేదట. చిన్నప్పుడు అదే బల్ల దగ్గర వదిన ఆయనకు లెక్క ఇచ్చింది. నాలుగు గ్రాముల హైడ్రోజన్, పదహారు గ్రాముల ఆక్సిజన్ కలిస్తే నీరెంత వస్తుంది? ఈయన హైడ్రోజన్ ఒక్కదాన్నే చూసుకుని, పెన్ను జాడించి ముప్ఫై ఆరు గ్రాములని రాసేశాడు. ఒక పాలు హైడ్రోజన్‌కు ఎనిమిది పాళ్ళ ఆక్సిజన్ కావాలి. ఉన్న పదహారుకు రెండు గ్రాముల హైడ్రోజనే సరిపోతుంది. నీరు పద్దెనిమిది, హైడ్రోజన్ ఇంకో రెండు మిగులు. "ఇరవై గ్రాములు పెట్టి ముప్ఫై ఆరు తెచ్చాడమ్మా మా చిన్నోడు. వీడి చేతికి ఇల్లు అప్పగిస్తే రాత్రికి రాత్రే మేడ లేస్తుంది" అని వదిన ఎన్నేళ్ళైనా నవ్వేది. ఆయనా నవ్వేవాడు. ఇంటికొచ్చిన ప్రతి చుట్టానికీ ఈ కథ వడ్డించాల్సిందే. అది వట్టి వేళాకోళమే అనుకున్నాను నేను.

వదిన పద్ధతుల్లో ఇంకెవరి దగ్గరా లేనిది ఒకటుంది. ఆమె ఇచ్చే ప్రతి లెక్కల వరసలోనూ ఆఖరిది జరగని లెక్క. చూడ్డానికి మిగతావాటిలాగే ఉంటుంది. బరువులుంటాయి, శాతాలుంటాయి, చివర్లో ప్రశ్న కూడా ఉంటుంది. కానీ అది ప్రపంచంలో ఎక్కడా జరగదు. పెట్టినదానికంటే వచ్చింది ఎక్కువుంటుంది, లేదా లేని మూలకం ఎక్కడినుంచో ఊడిపడుతుంది. పిల్లలు దాన్ని దొంగ లెక్క అనేవాళ్ళు. దాన్ని ముందుగా పట్టుకున్నవాళ్ళు బల్లమీద వేలి కణుపుతో ఒక్క దెబ్బ కొట్టాలి. టక్‌మని చప్పుడు కాగానే గదిలో పెన్నులన్నీ ఆగిపోయేవి. కొట్టినవాళ్ళు లేచి, ఇది ఎందుకు జరగదో ఒక్క వాక్యంలో చెప్పాలి. ఊరికే కొట్టి చెప్పలేకపోతే ఆరోజు నల్లబల్ల తుడిచేది వాళ్ళే.

"ఇదేం పిచ్చి వదినా, పిల్లలకు సరైన లెక్కలే సరిగ్గా రావు, తప్పులు ఎక్కించి ఇస్తావేం?" అని ఒకసారి అడిగాను.

"అచ్చులో ఏదుంటే అది నమ్మేవాడికి కెమిస్ట్రీ రాదమ్మాయ్. వాడు ఏ చెత్త ఇచ్చినా ఏదో ఒక జవాబు తేగలడు. నాకు అలాంటివాళ్ళు వద్దు. ముందు ఇది జరుగుతుందా అని అడగాలి. తర్వాత ఎంత అని అడగాలి" అంది.

ఈ లెక్కలన్నిటినీ పుస్తకంగా వెయ్యాలన్నది ఆమె కోరిక. ఇంకో కోరిక ఉన్నట్టు నేనెరగను. మంచి చీర కట్టించాలంటే తలప్రాణం తోకకు వచ్చేది. పుస్తకం మాట వస్తే మాత్రం చిన్నపిల్లైపోయేది. పేరు కూడా పెట్టుకుంది, ‘ఇది జరుగుతుందా?’ అని. తాను స్కూల్లోంచి రిటైరయ్యేలోగా ఆ పుస్తకం తన పిల్లల చేతుల్లో, తన గది ముఖమైనా చూడని పిల్లల చేతుల్లో కూడా ఉండాలని చెప్పేది. అప్పటికి మా ఆయన పెద్ద కోచింగ్ సెంటర్‌లో లెక్చరరు. ఆయన వాక్చాతుర్యం మీద నాకు అనుమానం లేదు, ఇసుకను పంచదారని చెప్పి అమ్మగలడు. "నువ్వు చెప్పు అక్కా, నేను టైపు చేస్తాను. మా సెంటర్‌వాళ్ళకు ప్రెస్సుంది, అంతా నేను చూసుకుంటాను" అన్నాడు. వేసవి సెలవుల్లో పొద్దున్నే వచ్చి కూర్చునేవాడు. ఆమె నడుస్తూ చెప్పేది, ఆయన కొట్టేవాడు. మధ్యలో నేను కాఫీలు అందించేదాన్ని. తమ్ముడి వీపు వెనక నిలబడి, తెరమీద తన మాటలు ఒక్కొక్కటీ పడుతుంటే వదిన ముఖం ఎలా ఉండేదో ఇప్పటికీ నా కళ్ళలో ఉంది.

తర్వాత పుస్తకం ప్రెస్సులోకి వెళ్ళింది. వెళ్ళింది వెళ్ళినట్టే ఉండిపోయింది. వదిన తమ్ముణ్ణి గుచ్చి అడిగే మనిషి కాదు, నన్ను అడిగేది. నేను ఆయన్ని అడిగేదాన్ని. "ప్రూఫులు చూస్తున్నానని చెప్పు" అనేవాడు. నేను వచ్చి, "ప్రూఫులు చూస్తున్నారట వదినా" అనేదాన్ని. ఇంకోసారి బొమ్మలు గీయిస్తున్నాడు, మరోసారి కాగితం రావాలి. ఆయన చెప్పిన ప్రతి మాటా నేనే మోసుకెళ్ళి ఆమె చెవిన వేశాను. పోస్టుమాన్‌కు ఉత్తరంలో ఏముందో తెలియనట్టే నాకూ తెలియదు.

ఒక సాయంత్రం మా వీధి దర్జీ కూతురు పరుగెత్తుకుంటూ వచ్చింది. పొట్టిగా, రెండు జడలతో ఉండే ఆ పిల్ల తరగతిలో అందరికంటే ఎక్కువసార్లు బల్ల కొట్టేది. దాని చేతిలో కొత్త పుస్తకం ఉంది.

"టీచర్, మా నాన్న కొన్నాడు. మొత్తం మీరు చెప్పినట్టే ఉంది టీచర్! కుర్చీల లెక్క కూడా ఉంది. పీటలు ఐదు, కాళ్ళు పన్నెండు!"

వదిన చేతిలో సుద్దముక్క కింద పడేసింది. చేతులు గబగబా తుడుచుకుంది. "వచ్చేసిందా! చూశావా అమ్మాయ్, వీడు నాకు చెప్పనేలేదు. ఒక్కసారిగా చూపించి నన్ను ఆటపట్టిద్దామనుకున్నాడేమో వెధవ!" అంటూ నావైపు చూసి నవ్వింది. ఆ నవ్వు తలుచుకుంటే ఈరోజుకీ నాకు అన్నం సయించదు.

పుస్తకం తిప్పి అట్ట చూసింది. ‘కెమిస్ట్రీలో నూటికి నూరు’ అని ఉంది. దానికింద టై కట్టుకుని, చేతులు కట్టుకుని మా ఆయన నిలబడి ఉన్నాడు. పక్కనే పెద్ద అక్షరాల్లో ఆయన పేరు. వదిన లోపలి పేజీలు తిప్పింది, మళ్ళీ అట్టకు వచ్చింది, మళ్ళీ లోపలికి వెళ్ళింది. అంతా వెతికింది. తన పేరు ఎక్కడా లేదు.

నేను కత్తిపీట పక్కకు తోసి లేచాను.

టక్‌మని చప్పుడైంది. దర్జీ కూతురు బల్ల కొట్టింది. "టీచర్, ఈ సున్నపురాయి లెక్క దొంగ లెక్కే కదా? పది గ్రాముల రాయిని బాగా కాలిస్తే ఐదు పాయింట్ ఆరు గ్రాముల సున్నం, ఆరు పాయింట్ ఆరు గ్రాముల వాయువు వచ్చాయట. రెండూ కలిపితే పన్నెండు దాటిపోతోంది! మరి రాయి శుద్ధత వంద శాతం అని వెనక జవాబు వేశారేంటి టీచర్? సున్నంతో కడితే వందే వస్తోంది, వాయువుతో కడితే నూట యాభై వస్తోంది."

"నువ్వు చెప్పిందే సరైనది తల్లీ. అది జరగదు" అంది వదిన. గొంతు మామూలుగానే ఉంది.

"మా అన్నయ్య ఈ పుస్తకం చెప్పే కోచింగ్ సెంటర్‌లోనే చేరాడు టీచర్. జరగదని రాస్తే సున్నా వేశారట. తెలివితేటలు చూపించకు, పుస్తకంలో ఉన్నది రాయి అన్నారట అక్కడి సారు."

వదిన అప్పుడు కుర్చీలో కూర్చుంది. ఆమె కూర్చోవడం చూసి పిల్లలు బెదిరిపోయారు. వాళ్ళను నేనే ఇళ్ళకు పంపేశాను.

సెంటర్ నుంచి ఇంటికెళ్తూ దారిలో నన్ను ఎక్కించుకోవడానికి మా ఆయన ఎప్పట్లాగే స్కూటరు మీద వచ్చాడు. గుమ్మంలోనే, బల్లమీద తన బొమ్మ తననే చూస్తుంటే ఆగిపోయాడు. తర్వాత ఆ వాక్చాతుర్యం లేచి కూర్చుంది.

"చెబుదామనే అనుకుంటున్నా అక్కా. సెంటర్‌వాళ్ళు వినలేదు. స్కూలు టీచర్ పేరుతో పుస్తకం వేస్తే ఎవరు ముట్టుకుంటారు, నా పేరైతేనే వేస్తామన్నారు. నా పేరున్నా నీ పేరున్నా ఒకటే కదా? నీదీ నాదీ అని మనం ఎప్పుడైనా అనుకున్నామా?"

"అనుకోలేదురా. అందుకే నీ చేతికిచ్చాను" అంది వదిన.

నేను ఒంటికాలి మీద లేచాను. "ప్రూఫులు, బొమ్మలు, కాగితం! నా నోటితో అన్ని అబద్ధాలు చెప్పించడానికి సిగ్గనిపించలేదా?" అని అరిచాను. వదిన చెయ్యెత్తి నన్ను ఆపింది. పేరు గురించి ఆమె ఇంకొక్క మాట కూడా అడగలేదు. పేజీ తీసి, సున్నపురాయి మీద వేలు పెట్టింది.

"దీనికి జవాబు ఎందుకు వేశావు?"

ఆయనకు ఆ ప్రశ్న అర్థం కాలేదని ముఖంలో స్పష్టంగా కనిపించింది. "ప్రతిదానికీ జవాబుండాలి కదక్కా. జవాబు లేకపోతే అచ్చుతప్పనుకుంటారు. అందుకే ఆఖరి లెక్కలన్నిటికీ మా కుర్రాళ్ళతో కట్టించి ఏదో ఒకటి వేయించాను."

"టైపు చేసేటప్పుడు చెప్పాను కదరా, అక్కడ ఖాళీ వదలమని?"

"వదిలాను. ఖాళీగా ఉందనే కదా నింపించింది!"

వదిన పుస్తకం మూసింది. "పేరు సంగతి వదిలెయ్. నువ్వే ఉంచుకో. మళ్ళీ అచ్చు వేసేటప్పుడు ఆ లెక్కలు మాత్రం బాగుచెయ్యి. జవాబులు తీసేసి, ఇది జరుగుతుందా అని కింద అడుగు. సరిగ్గా చెప్పిన పిల్లలకు అక్కడ సున్నాలు పడుతున్నాయి. వాళ్ళు రేపటినుంచి తమ బుర్రను నమ్మరు, నీ పుస్తకాన్ని నమ్ముతారు. ఇదొక్కటి చెయ్యరా చిన్నోడా, ఇంకేం అడగను."

ఆయన ఆమె చెయ్యి పట్టుకున్నాడు. కళ్ళలో నీళ్ళు కూడా తెచ్చుకున్నాడు. "నీమీద ఒట్టు అక్కా, ఒక్కటి కూడా వదలకుండా సరిచేయిస్తాను" అన్నాడు. దారిపొడుగునా నేను ముఖం వాచేలా చీవాట్లు పెట్టాను. ఇంట్లో చాలారోజులు నేను అన్నం వడ్డించడం, ఆయన తినడం తప్ప మా మధ్య మాటల్లేవు. పక్కన పడుకునే మనిషి మనల్ని ఒక పోస్టుడబ్బాలా వాడుకున్నాడని తెలిస్తే ఎలా ఉంటుందో ఎవరికీ వివరించలేను. అయినా ఆ ఒట్టుమీద నాకూ ఆశ ఉండింది. ఎంతైనా ఆమె పెంచిన చేతులు కదా అనుకున్నాను.

వదిన రిటైరైన రోజు వచ్చింది. స్కూల్లో దండ వేసి, గోడ గడియారం ఒకటి చేతిలో పెట్టి పంపారు. సాయంత్రం ఆమె ఏమీ జరగనట్టే ముందుగదిలో పాఠం మొదలుపెట్టింది. పిల్లలు చాపలమీద ఉన్నారు, దర్జీ కూతురు ముందు వరసలో ఉంది. మా ఆయన రంగు కాగితం చుట్టిన పొట్లంతో లోపలికి వచ్చాడు. ముఖం వెలిగిపోతోంది.

"విప్పక్కా. కొత్త ముద్రణ. ఈ వేళకు అందాలని ప్రెస్సువాళ్ళ ప్రాణాలు తోడేశాను."

వదిన కాగితం చిరగకుండా విప్పింది. అట్ట అదే, టై అదే. మొదటి పేజీలో కొత్తగా ఒక వాక్యం, ‘నన్ను పెంచి పెద్దచేసిన మా అక్కకు అంకితం’. కింద ఆమె పేరు, ఊళ్ళో ఎవరూ పిలవని ఆ అసలు పేరు ఉంది. పిల్లలు చప్పట్లు కొట్టారు. నేను కూడా, అబద్ధమెందుకు, వాళ్ళతో పాటు చప్పట్లు కొట్టాను. మారాడేమో అనుకున్నాను.

వదిన ఆ పేజీ దగ్గర ఆగలేదు. సున్నపురాయి దగ్గరకు వెళ్ళింది. నేను ఆమె భుజం మీదుగా చూశాను. పది గ్రాముల రాయి, ఐదు పాయింట్ ఆరు సున్నం, నాలుగు పాయింట్ నాలుగు వాయువు. ఆరును నాలుగు చేశారు, అంతే. మొత్తం పది. వెనక జవాబు వంద శాతం. ఆమె ఇంకో పాఠం చివరికి వెళ్ళింది, ఇంకోదాని చివరికి వెళ్ళింది. ప్రతి ఆఖరి లెక్కలోనూ అంకెలు మార్చేశారు. అన్నీ ముచ్చటగా జరిగిపోతున్నాయి. ఇది జరుగుతుందా అనే మాట పుస్తకం మొత్తంలో ఒక్కచోట కూడా లేదు.

"చూశావా? ఒక్క తప్పు కూడా లేకుండా చేయించాను. నీకిచ్చిన మాట నిలబెట్టుకున్నాను" అన్నాడు ఆయన. "ఇందులో ప్రతి అక్షరం నీదే అక్కా!"

వదిన వేలు మడిచి బల్లమీద ఒక్క దెబ్బ కొట్టింది. పిల్లల చేతుల్లో పెన్నులు ఆగిపోయాయి.

"లెక్కలన్నీ సరిపోయాయి" అంది. "ఇక ఇందులో నాదేం మిగల్లేదు. ఆ మొదటి పేజీలో నా పేరు కూడా తీయించేయండి."

మా ఆయన నవ్వబోయి ఆగాడు. ఒరేయ్ అని, చిన్నోడా అని, కోపమొస్తే వెధవా అని తప్ప ఆమె ఆయన్ని ఇంకోలా పిలిచిన రోజు లేదు. "ఏంటక్కా, నన్ను..." అని ఏదో అనబోయాడు.

"కూర్చోండి. కాఫీ తాగి వెళ్దురుగాని" అంది వదిన. గదిలో ఉన్న ఒక్క కుర్చీని తానే జరిపి ఆయన ముందు పెట్టింది.

ఆయన కూర్చోలేదు. బయట నా కోసం చాలాసేపు స్కూటరు దగ్గర నిలబడ్డాడు. దారిలో, "అక్క అలా మాట్లాడిందేమిటే? చెప్పినట్టే అన్నీ సరిచేయించాను కదా?" అన్నాడు. ఆ గొంతులో ఉన్నది నాటకం కాదు, ఆయనకు నిజంగానే తెలియదు. ఇన్నాళ్ళూ అన్నీ తెలిసి చేశాడని తిట్టుకున్నాను. తెలియక చేశాడంటే నేను ఇంకేమని తిట్టను?

ఇప్పుడూ సాయంత్రాలు నేను వదిన ఇంటికి వెళ్తాను. ఆయన ఎప్పుడైనా ఫోన్ చేస్తే వదిన మాట్లాడుతుంది, ఆరోగ్యం అడుగుతుంది, వేళకు భోంచేస్తున్నారా అని అడుగుతుంది. ఫోన్ పెట్టేశాక నల్లబల్ల దగ్గరకు వెళ్ళి, పిల్లలకు ఆఖరి లెక్క రాస్తుంది.